రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నా బరువు ఎందుకు ఆగిపోయింది?

మిర్యాలగూడ_మిల్లువీధి

రైసుమిల్లులో పద్దులు రాసే ఉద్యోగం నాది, అంటే పొద్దంతా కుర్చీలోనే ఉంటాను. వయసు 43, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 84 కిలోలు. షుగరు ఇంకా రాలేదు కానీ అంచుకు వచ్చిందని డాక్టరు చెప్పినప్పటి నుంచి రాత్రి అన్నం పూర్తిగా మానేసి మూడు జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లీల పొడి తింటున్నాను. మొదట్లో రెండు కిలోలు చకచకా తగ్గాయి, ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. పట్నంలో ఉండే మా బామ్మర్ది "ఏం తింటున్నావన్నది వదిలెయ్ బావా, ఎన్ని కేలరీలు తింటున్నావో చూసుకో" అంటాడు. మిల్లులో హమాలీల మేస్త్రి మాత్రం "అన్నమే అసలు దోషి, మధ్యాహ్నం కూడా మానెయ్ సారూ" అంటున్నాడు. ఆయన రెండు పూటలా కడుపునిండా అన్నమే తింటాడు, పొట్ట లేదు. ఈ ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలో, నా తిండిలో తేడా ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు_జొన్నచేను

జొన్నను అనుమానించకండి. మా నారాయణపేట వైపు తాతల కాలం నుంచి జొన్నరొట్టె, జొన్నగటక తిని బతికినవాళ్లమే. అప్పట్లో పొట్ట ఉన్న మనిషి ఊళ్లో దొర తప్ప ఇంకొకరు కనిపించేవారు కాదని మా అమ్మ చెప్పేది. ఈ ఊబకాయం, ఈ షుగరు మన ఇళ్లలోకి వచ్చింది తెల్లబియ్యం వెంటనే.

లెక్కల_పంతులు_నల్లగొండ

జొన్నచేను గారి అభిమానం మీద నాకు గౌరవమే గానీ, కేలరీల విషయంలో లెక్క ఆయన వైపు లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 356 కేలరీలు ఉంటే, అంతే జొన్నల్లో సుమారు 334, సజ్జల్లో సుమారు 348 ఉంటాయి. తేడా చాలా స్వల్పం. ఇప్పుడు మిల్లువీధి గారి పళ్లెం చూద్దాం. మోస్తరు రొట్టెకు 60 గ్రాముల పిండి పడుతుందనుకుంటే మూడు రొట్టెలకు 180 గ్రాములు, అంటే దాదాపు 600 కేలరీలు. ఆయన మునుపు రాత్రిపూట 150 గ్రాముల బియ్యం వండుకుని తినేవారనుకుందాం. వండాక అది 400 గ్రాములు దాటిన అన్నమై పళ్లెం నిండా కనిపిస్తుంది, కానీ కేలరీలు 535 దగ్గరే ఆగిపోతాయి. అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే కావడం వల్ల కంటికి ఎక్కువగా ఆనుతుంది, రొట్టె ఎండుగా, పలుచగా ఉండటం వల్ల తక్కువగా ఆనుతుంది.

ఇక పల్లీల పొడి సంగతి. పల్లీలు 100 గ్రాములకు 520 కేలరీలు దాటుతాయి, కాబట్టి 30 గ్రాముల పొడి వేసుకుంటే ఇంకో 160 చేరాయి. అన్నం మానేసిన రాత్రి భోజనం అన్నం తిన్న రాత్రి కంటే బరువైనదై కూర్చుంది.

దేవరకొండ_బస్టాండు

పంతులు గారు రొట్టెలు చేసే ఇల్లాలి చేతికి తక్కెడ ఇచ్చి చూడండి. ముందు తగ్గేవి రొట్టెలు, బరువు సంగతి తర్వాత.

గద్వాల_కోటగోడ

ఈ కేలరీల లెక్కంతా పాత చాదస్తం. పిండిపదార్థం తింటే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పెరిగితే కొవ్వు నిల్వ అవుతుంది. నూనె, నెయ్యి, మాంసం తింటే ఇన్సులిన్ అంతగా పెరగదు. నేను అన్నం, రొట్టె, పండ్లు, చక్కెర అన్నీ ఆపి కొబ్బరినూనె, గుడ్లు, మటన్ మీద ఉన్నప్పుడు మొదటి వారంలోనే మూడు కిలోలు పోయాయి. కేలరీలు ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఆకలి కూడా వేయలేదు. మిల్లువీధి గారు రొట్టె కూడా మానేస్తే ఫలితం తనకు తానే కనబడుతుంది.

పథ్యం_అక్క

మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానలో ఆహార సలహాలు ఇస్తుంటాను కాబట్టి కోటగోడ అన్న చెప్పినది నాకు దాదాపు రోజూ వినిపించే మాటే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి వారం పోయిన మూడు కిలోల్లో అధిక భాగం నీళ్లు. మన కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా ఆపితే ఆ నిల్వ ఖర్చయి నీరంతా మూత్రంలో పోతుంది. ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు పడాలి. మూడు కిలోల కొవ్వు వారంలో పోవాలంటే రోజుకు 3300 లోటు కావాలి, కుర్చీలో కూర్చునే మనిషి రోజంతా ఖర్చు పెట్టేదే అంతకంటే తక్కువ. మిల్లువీధి గారికి మొదట్లో చకచకా తగ్గిన రెండు కిలోల్లో కూడా కొంత ఇదే ఉండి ఉంటుంది.

ఇన్సులిన్ కొవ్వు నిల్వకు తోడ్పడుతుందన్న మాట నిజమే, కానీ రోజు మొత్తంలో లోటు ఉంటే నిల్వ అయిన కొవ్వు తిరిగి బయటికి రాక తప్పదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు తక్కువ తిండిని, ఇంకో జట్టుకు పిండిపదార్థం తక్కువ తిండిని ఏడాది పాటు అలవాటు చేయించి 2018లో ఫలితం ప్రకటించారు. ఒక జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. ఆ కాస్త తేడాను లెక్కలోకి తీసుకోదగ్గది కాదని తేల్చారు. రెండు జట్లకూ చక్కెర, మైదా, ప్యాకెట్ తిండి తగ్గించి ఇంట్లో వండుకోమని చెప్పడం మాత్రం ఉమ్మడిగా జరిగింది.

అలాగని తిండి రకానికి విలువ లేదనుకోకండి. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఒకేచోట ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. రెండు రకాల పళ్లేల్లోనూ కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు అదే మనుషులు రోజుకు 500 కేలరీల వరకు ఎక్కువ తిని సుమారు 0.9 కిలో పెరిగారు, వండిన తిండి మీద అంతే తగ్గారు. బరువును తేల్చేది కేలరీలే. ఎన్ని కేలరీల దగ్గర మన చేయి ఆగుతుందో తేల్చేది తిండి రకం. బామ్మర్ది మాట, మేస్త్రి మాట రెండింటిలోనూ సగం సగం ఉంది.

గద్వాల_కోటగోడ

నీళ్ల సంగతి ఒప్పుకున్నా, ఆకలి వేయలేదన్న నా అనుభవాన్ని మీ పరిశోధనలు కొట్టేయలేవు కదా అక్కా.

పథ్యం_అక్క

కొట్టేయడం లేదు, దానికి కారణం ఉంది. మీరు గుడ్లు, మటన్ తిన్నారు. మాంసకృత్తులు కడుపు నిండిన భావాన్ని ఎక్కువసేపు నిలుపుతాయి, పైగా వాటిని అరిగించుకోవడానికే వాటి కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతాయి. పిండిపదార్థానికి ఈ ఖర్చు 5 నుంచి 10 శాతం, కొవ్వుకు మూడు శాతం లోపే. ఆకలి తగ్గి మీకు తెలియకుండానే తక్కువ తిన్నారు. కానీ అందులో మేలు చేసింది గుడ్డు, కొబ్బరినూనెకు ఆ ఘనత ఇవ్వకండి. షుగరు మాత్రలు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకునేవాళ్లు మిమ్మల్ని చూసి డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా ఆపితే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి, అందుకే దీన్ని అందరికీ సిఫారసు చేయవద్దని కోరుతున్నాను.

పాలమూరు_జొన్నచేను

పంతులు గారు కేలరీలు చెప్పి పీచు ఎందుకు దాచారు? అదే పట్టికలో జొన్నకు పీచు 100 గ్రాములకు పది గ్రాముల దగ్గర ఉంటుంది, పాలిష్ బియ్యానికి మూడు కూడా నిండదు. మాంసకృత్తులు కూడా జొన్నలోనే ఎక్కువ. రెండు రొట్టెలు నమిలి తినేసరికి దవడ నొప్పి పుట్టి మనిషి లేచిపోతాడు, అన్నమైతే పచ్చిపులుసు పోసుకుని జారవిడుచుకుంటూ పోవచ్చు.

లెక్కల_పంతులు_నల్లగొండ

దాచలేదు, మీరు చెబుతారని వదిలాను. మీరన్నట్టు రెండు రొట్టెలకే లేచిపోతే జొన్న గెలిచినట్టే. మిల్లువీధి గారు మూడు తింటున్నారు, పైగా పల్లీల పొడితో.

ఇంకొక మాట. మీ నారాయణపేట తాతలకు పొట్ట లేకపోవడానికి జొన్న ఒక్కటే కారణం అయి ఉండదు. పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల్లో 65 కిలోల మగమనిషి కూర్చుని పనిచేస్తే రోజుకు 2110 కేలరీలు, బరువు పని చేస్తే 3470 కేలరీలు అవసరమని ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న 1360 కేలరీలకు మీ నాగలి, మీ మోట, నడిచిపోయిన ఊళ్లు లెక్క. మిల్లువీధి గారి మేస్త్రి బస్తాలు మోసే మనిషి కాబట్టి ఆయన అన్నం ఆయన ఒంటికి చెల్లుతుంది. కుర్చీలో కూర్చుని హమాలీ తిండి తిన్నా, హమాలీ పని చేస్తూ కుర్చీ తిండి తిన్నా చిక్కే.

అచ్చంపేట_బక్కపలుచన

రెండో చిక్కు నాది. తాపీ పని మీద పుణె, ముంబై తిరిగి వచ్చినవాళ్లం, ఎంత తిన్నా ఒళ్లు పట్టదు. ఇక్కడ అందరూ తగ్గే లెక్కే చెబుతున్నారు, పెరిగే లెక్క కూడా ఎవరైనా చెబుతారా?

పథ్యం_అక్క

మీకు పల్లీలు శత్రువు కాదు, మందు. మీ అచ్చంపేట, కల్వకుర్తి వైపు పండే పంటే కదా. రోజుకు రెండు పిడికెళ్ల ఉడికించిన పల్లీలు, రెండు గుడ్లు, పప్పులో ఒక చెంచా నెయ్యి, పడుకోబోయే ముందు పాలు కలుపుకోండి. కడుపులో తక్కువ చోటు పట్టి ఎక్కువ కేలరీలు ఇచ్చే తిండి కావాలి మీకు. కొన్ని నెలల్లో కదలిక లేకపోతే మాత్రం థైరాయిడ్, క్షయ, షుగరు పరీక్షలు చేయించుకోవాలి, ఎందుకంటే తింటూ కూడా చిక్కిపోవడం వాటి లక్షణం కావచ్చు.

వంటింటి_పద్దు

మగవాళ్లందరూ రొట్టె, అన్నం అని కొట్లాడుకుంటున్నారు, నూనె సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కూర వండేది మేము కాబట్టి మాకు కనిపిస్తుంది. వంకాయ నూనెను పీల్చుకున్నట్టు ఏ కూరగాయా పీల్చుకోదు, గుత్తొంకాయ చేస్తే గంటె నూనె అడుగున తేలితేనే మా ఇంట్లో రుచి అంటారు. మా ఇంట్లో నలుగురికి నెలకు అయిదు లీటర్ల డబ్బా అయిపోతుంది, పండుగ నెలైతే ఇంకా ఎక్కువ. పంతులు గారు దీనికి లెక్క కట్టి చెప్పండి.

లెక్కల_పంతులు_నల్లగొండ

అయిదు లీటర్ల నూనె సుమారు 4.6 కిలోలు తూగుతుంది. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు కాబట్టి డబ్బా మొత్తం 41,400. ముప్పై రోజులకు, నలుగురికి పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు, 345 కేలరీలు. పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో 2000 కేలరీల పళ్లేనికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలన్నారు. మీ ఇంట్లో మనిషికి రోజుకు వంద కేలరీలు నూనె రూపంలో అదనంగా వెళ్తున్నాయి, అది ఎవరి కంటికీ కనిపించదు.

మిల్లువీధి గారి రాత్రి కూర కూడా వంకాయే అన్నది గమనించగలరు.

వంటింటి_పద్దు

అయితే ఈరోజు నుంచి డబ్బా మూత తీసిన తేదీని దాని మీదే రాసి పెడతాను. ఎన్ని రోజులు వచ్చిందో చూస్తే తక్కెడ లేకుండానే తెలిసిపోతుంది. అన్నట్టు, ఆడవాళ్ల బరువులో గిన్నెల్లో మిగిలినదానికి పెద్ద వాటా ఉంది. పిల్లలు వదిలేసిన ముద్ద పారేయడానికి చేయి రాదు, అది ఎవరి లెక్కలోనూ పడదు.

మిర్యాలగూడ_మిల్లువీధి

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు. రాత్రి సంగతి అర్థమైంది. కానీ రోజు మొత్తం మీద నేను తక్కువే తింటానని ఇంట్లో అందరూ అంటారు. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, వేపుడు, పెరుగు, రాత్రి రొట్టె, అంతే. మధ్యలో చాయ్ మాత్రం తాగుతాను.

దేవరకొండ_బస్టాండు

"మాత్రం" అన్నచోట ఎన్ని చాయ్‌లు ఉన్నాయో మిల్లు ముందున్న హోటల్ ఆయనను కూడా ఇక్కడికి పిలిచి అడుగుదాం.

మిర్యాలగూడ_మిల్లువీధి

నాలుగైదు ఉంటాయి, పార్టీలు వస్తే ఇంకొకటి. సాయంత్రం చాయ్‌తో పాటు మిర్చి బజ్జీలు తెప్పిస్తారు, వద్దంటే బాగుండదు.

పథ్యం_అక్క

ఇదిగో, ఇక్కడే ఉంది. చిక్కటి పాలతో, రెండు చెంచాల చక్కెరతో చేసిన హోటల్ చాయ్‌కు 80 నుంచి 90 కేలరీలు వేసుకోవచ్చు. అయిదు చాయ్‌లంటే 400కు పైన. బజ్జీలు పీల్చుకున్న నూనెతో కలిపి చూస్తే మీకు తెలియకుండా ఒక పూట భోజనం అదనంగా జరుగుతోంది.

మిమ్మల్ని తప్పుపట్టడం కాదు, ఇది మనుషులందరి లక్షణం. రోజుకు 1200 కేలరీల లోపే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పినవాళ్లను 1992లో అమెరికాలో జాగ్రత్తగా కొలిచి చూస్తే, వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నట్టు తేలింది. వాళ్లెవరూ అబద్ధాలకోరులు కాదు.

సూర్యాపేట_హైవే

బండి నడిపే మాకు చాయ్‌తో పోయేది కాదు. రాత్రి దిగాక రెండు పెగ్గులు పడకపోతే నిద్ర రాదనేవాళ్లు మాలో చాలామంది. అందులో నూనె లేదు, పిండి లేదు, మరి దానివల్ల పొట్ట ఎలా వస్తుంది?

లెక్కల_పంతులు_నల్లగొండ

ఆల్కహాలుకు గ్రాముకు 7 కేలరీలు. 60 మిల్లీలీటర్ల విస్కీలో ఒక్క ఆల్కహాలు నుంచే 140 వరకు వస్తాయి, పెద్ద సీసా బీరైతే 250 దాటుతాయి. పక్కన పల్లీలు, చికెన్ ఫ్రై వేరే. కల్లు తాగేవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. చెట్టు దిగినప్పుడు తీపిగా ఉన్న చక్కెరే పులిసి ఆల్కహాలు అవుతుంది తప్ప అందులోని కేలరీలు పెద్దగా తగ్గవు.

బత్తాయి_తోట

మా నల్లగొండ బత్తాయి రసం తాగమంటారా, వద్దంటారా? తోట పెట్టినవాణ్ని, జాగ్రత్తగా జవాబు చెప్పండి.

పథ్యం_అక్క

తోట మీద కోపం లేదు, జ్యూసు మిక్సీ మీదే. ఒక కాయ వొలుచుకుని తింటే పీచుతో సహా కడుపులోకి వెళ్తుంది, ఒకటి రెండు కాయలతో చేయి ఆగుతుంది. రసం తీస్తే గ్లాసుకు నాలుగు కాయలు పడతాయి, పీచు పిప్పిలో పోతుంది, బండి మీద చక్కెర కూడా కలుపుతారు. పాలమూరు సీతాఫలం గుజ్జు 100 గ్రాములకు సుమారు 100 కేలరీలు, అరటిపండుతో సమానం. కాలంలో రోజుకొకటి తింటే ఎవరికీ నష్టం లేదు.

కొల్లాపూర్_ఘాటు

మీరందరూ మరిచిపోతున్నది వయసు. నలభై దాటాక ఒంట్లో కొలిమి చల్లారిపోతుంది, అందుకే ఎంత కడుపు కట్టుకున్నా బరువు తగ్గదు. నాకు పైగా థైరాయిడ్ కూడా ఉంది, దానివల్లే పదిహేను కిలోలు పెరిగాను.

పథ్యం_అక్క

కొలిమి నలభైకే చల్లారదు. 29 దేశాల్లో ఆరు వేల మందికి పైగా కొలతలు తీసి 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా శరీరం ఖర్చు చేసే శక్తి దాదాపు నిలకడగా ఉంటుందని, తగ్గుదల అరవై తర్వాతే మొదలవుతుందని తేలింది. నలభైలో తగ్గేది మన నడక, మన కండ. బరువు తగ్గినప్పుడు మాత్రం ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే చిన్న శరీరానికి తక్కువ చాలు. ముల్లు ఆగిపోవడానికి అదీ ఒక కారణం. థైరాయిడ్ తక్కువైతే వచ్చే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులో కూడా ఎక్కువ భాగం ఉప్పు, నీరు. మాత్ర వేళకు వేసుకుంటూ ఉంటే మిగతా పది కిలోలకు కారణం వేరేచోట వెతకాలి.

కొల్లాపూర్_ఘాటు

మా డాక్టరు ఇంత ముక్కుసూటిగా ఎప్పుడూ చెప్పలేదు. మామిడికాయల కాలం అయ్యాక చూస్తాను.

పాలమూరు_జొన్నచేను

జొన్న కేలరీల్లో బియ్యానికి దగ్గరే అన్నది సరే, కానీ 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు కదా, ఇక జొన్న కొనేదెవరు? దాంతో పొట్టలు ఇంకా పెరుగుతాయన్నది నా వాదన, దీన్ని వదులుకోను.

లెక్కల_పంతులు_నల్లగొండ

మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు, 712 కేలరీలు. పోషకాహార సంస్థ 2000 కేలరీల పళ్లేనికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు ఉండవచ్చంటుంది. రేషన్ బియ్యం ఒక్కటే ఎవరినీ లావు చేయదు. ఆ పళ్లెంలోనే 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు కూడా రాశారు, మన ఇళ్లలో కొరత అక్కడ ఉంది. పళ్లెంలో ముప్పావు అన్నం, మూలకు ఇంత కూర అనే పద్ధతి మారితే సన్నబియ్యమైనా, దొడ్డుబియ్యమైనా ఒకటే.

పాలమూరు_జొన్నచేను

కందిపప్పు ధర చూసి మాట్లాడండి సారూ. 85 గ్రాములు ప్రతి మనిషికీ ప్రతి రోజూ పెట్టగలిగే ఇళ్లు మా వైపు ఎన్ని ఉన్నాయి?

వంటింటి_పద్దు

ఈ ఒక్క మాటలో జొన్నచేను అన్నతో ఉంటాను. అందుకే పెసలు, ఉలవలు, బొబ్బర్లు మార్చి మార్చి వండుతాను, గుడ్డు కూడా కలిస్తే ఖర్చు సర్దుకుంటుంది.

మిర్యాలగూడ_మిల్లువీధి

సరే, ఇలా అనుకుంటున్నాను. రాత్రి రొట్టెలు రెండు, పల్లీల పొడికి బదులు పెసరపప్పు ఆకుకూర, వంకాయ తక్కువ నూనెతో. చాయ్ రెండు, ఒక్కో చెంచా చక్కెరతో. మధ్యాహ్నం అన్నం ఉంటుంది కానీ కూర పెరుగుతుంది. సాయంత్రం బజ్జీల సమయానికి మిల్లు నుంచి రైల్వే స్టేషను దాకా నడిచి వస్తాను. దీంతో ఎంత తగ్గవచ్చు, తూకం ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

పథ్యం_అక్క

మీరు రాసినట్టే జరిగితే రోజుకు 500 కేలరీల లోటు అందుతుంది, నెలకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు తగ్గడం న్యాయమైన అంచనా. నడకను తిండికి బదులుగా లెక్క వేసుకోవద్దు. గంట నడిస్తే 200 నుంచి 250 కేలరీలు పోతాయి, 50 గ్రాముల పల్లీ పట్టీతో అవి తిరిగి వచ్చేస్తాయి. తూకం వారానికొకసారి, పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే కాటా మీద చూసుకోండి. ఊరగాయ, ఉప్పు ఎక్కువ తిన్న మరునాడు కిలో పెరిగినట్టు కనిపిస్తే అది నీరే. దానితో పాటు టేపుతో నడుము కొలవండి, మన మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి, ఆడవాళ్లకు 80.

మిర్యాలగూడ_మిల్లువీధి

ఇప్పుడే కొలిచాను, 102. మిల్లు కాటా మీద నిలబడవచ్చా, లేక వేరేది కొనాలా?

దేవరకొండ_బస్టాండు

మిల్లు కాటా మీద నిలబడితే బస్తాల పద్దులో మిమ్మల్ని కూడా రాసుకోవాల్సి వస్తుంది. చిన్నది ఒకటి కొనుక్కోండి.